పేషెంట్ పరిస్థితి చేయి దాటకముందే పసిగట్టడం ఎలా: జనరల్ వార్డు నర్సులకు

వార్డులో పేషెంటుకి గుండె ఆగి అందరూ పరుగులు పెట్టాక, ఆ కేస్ షీట్ వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు ఒకటే కనిపిస్తుంది. అంతకు కొన్ని గంటల ముందు నుంచే మనిషి మారుతూ వచ్చాడు. శ్వాస వేగం పెరిగింది, మూత్రం తగ్గింది, మాట పొంతన తప్పింది. అన్నీ అక్కడే ఉన్నాయి, వాటిని కలిపి చూసినవాళ్లే లేరు. డాక్టరుగారు రోజుకి ఒకటి రెండుసార్లు రౌండ్స్‌కి వచ్చి వెళ్తారు. ఇరవై నాలుగు గంటలూ మంచం పక్కన ఉండేది నర్సే. కాబట్టి ఆ మార్పు ముందుగా పట్టుబడాల్సింది నర్సు కంటికే.

ఇక్కడ రాసేదంతా పెద్దవాళ్ల వార్డు గురించి. పిల్లలకి, గర్భిణులకి అంకెలు వేరు.

ప్రతి మంచం దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది? బీపీ 110/70 అని చార్టులో చూస్తే ఎవరికైనా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ పేషెంటుకి రోజూ ఉండే బీపీ 170/100 అయితే, 110/70 అంటే లోపల ఎక్కడో రక్తం పోతూ ఉండవచ్చు, లేదా ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతూ ఉండవచ్చు. నార్మల్ రేంజ్ పుస్తకంలో ఉంటుంది. ఈ మనిషి నార్మల్ ఏమిటో అతని పాత చార్టులోనే ఉంటుంది.

డ్యూటీ ఎక్కగానే

హ్యాండోవర్ నర్సుల స్టేషన్‌లో కూర్చుని రిజిస్టర్ చూసి చెప్పుకుంటే సగం విషయం అక్కడే పోతుంది. మంచం దగ్గరికి నడవాలి. దిగిపోయే నర్సు చెబుతుంటే ఎక్కే నర్సు కళ్ళు నాలుగు చోట్లకి వెళ్ళాలి: పేషెంటు ముఖం, ఛాతీ కదలిక, చేతికున్న కాన్యులా (నరంలోకి పెట్టిన సన్నటి గొట్టం), కింద వేలాడే యూరిన్ బ్యాగ్. ఎక్కుతున్న సెలైన్ సీసాలో ఎంత మిగిలిందో ఇద్దరూ కలిసి చూసుకోవాలి. "ఆక్సిజన్ పెట్టాం" అని చెబితే ఫ్లోమీటర్‌లో బంతి ఎక్కడుందో, ట్యూబ్ రెండో చివర నిజంగా దానికే తగిలించి ఉందో చూడాలి. పక్క మంచం ఫ్లోమీటర్‌కి తగిలించిన ట్యూబులు, హ్యూమిడిఫయర్ సీసా మూత సరిగా బిగించక గాలి పక్కకు పోవడం, ఇవి రోజూ జరిగేవే.

నలభై మంచాలకి ఇద్దరే ఉన్నప్పుడు అందరినీ ఒకే తీరుగా చూడటం కుదరదు. మొదటి పదిహేను నిమిషాల్లో ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోవాలి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయి ఒక రోజు దాటనివాళ్లు, రక్తం ఎక్కుతున్నవాళ్లు, గత షిఫ్టులో కొత్తగా అడ్మిట్ అయినవాళ్లు, చలిజ్వరం వచ్చినవాళ్లు, ఐసీయూ నుంచి ఇవాళే వార్డుకి మార్చినవాళ్లు ముందు. సిస్టర్ సిస్టర్ అని పదేపదే పిలిచే పేషెంటు కన్నా, ఇందాకటి దాకా పిలిచి ఇప్పుడు ఊరుకున్న పేషెంటు దగ్గరికే ముందు వెళ్ళండి.

శ్వాస: ఎవరూ లెక్కపెట్టని అంకె

ఏ వార్డులోనైనా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టు తెరిస్తే రెస్పిరేషన్ గడిలో వరసగా 18, 20, 18, 20 అని ఉంటుంది. పాతికమంది పేషెంట్లు ఒకే వేగంతో ఊపిరి తీయరు. లెక్కపెట్టకుండా రాసిన అంకె అది. కానీ పరిస్థితి విషమించేటప్పుడు అన్నిటికన్నా ముందు మారేది సాధారణంగా ఈ అంకే. ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, రక్తం పోతున్నా, డయాబెటిక్ కీటో ఎసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం) వచ్చినా శరీరం మొదట చేసే పని వేగంగా ఊపిరి తీయడం. అలా తీయబట్టే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కాసేపు బాగానే నిలబడుతుంది. ఆక్సీమీటర్ 97 చూపిస్తోందని మనం ధీమాగా ఉంటాం, అక్కడ పేషెంటు ఆ 97 కోసం నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తూ అలిసిపోతుంటాడు.

లెక్కపెట్టే పద్ధతి ఇది. మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. నాడి చూడటం అయ్యాక కూడా చెయ్యి వదలకుండా, అదే భంగిమలో ఉండి ఛాతీనో పొట్టనో చూడండి. "మీ శ్వాస చూస్తున్నాను" అని చెబితే ఎవరికైనా ఊపిరి మీద ధ్యాస పడి వేగం మారిపోతుంది. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తేడా నాలుగు అవుతుంది, 20 కాస్తా 24 అవుతుంది. దుప్పటి కప్పుకుని ఉంటే కదలిక సరిగా కనబడదు, కాస్త పక్కకి జరపండి.

పెద్దవాళ్లకి విశ్రాంతిలో 12 నుంచి 20 సాధారణం. 21 నుంచి 24 ఉంటే ఎందుకని ఆలోచించాలి. 25 లేదా అంతకన్నా ఎక్కువైతే డాక్టరుకి చెప్పాలి. 8 లేదా అంతకన్నా తక్కువైతే అది ఎమర్జెన్సీ. మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు, నిద్రమందులు ఇచ్చాక ఇలా జరుగుతుంది. గట్టిగా గురక పెట్టి నిద్రపోతున్నాడు కదా అని వదిలేయకండి. పిలిస్తే లేవకుండా గురక పెడుతున్నాడంటే నాలుక వెనక్కి పడి గాలి దారి సగం మూసుకుపోయింది. గడ్డం పైకెత్తి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, గట్టిగా పిలవాలి.

అంకెతో పాటు తీరు కూడా చూడండి. ముక్కుపుటాలు ఎగరడం, మెడ కండరాలు బిగుసుకోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, కూర్చుని ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించడం, ఒక వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో రెండుసార్లు ఆగడం. చార్టులో గడి లేదు కాబట్టి వీటిని నర్సెస్ నోట్స్‌లో మాటల్లో రాయాలి.

సాచురేషన్ అంకెని నమ్మేముందు ఆక్సీమీటర్ చూపించే పల్స్, మీరు చేత్తో పట్టి చూసిన పల్స్ ఒకటేనా అని సరిచూడండి. రెండూ కలవకపోతే ఆ సాచురేషన్ కూడా నమ్మదగింది కాదు. చేతులు చల్లబడి ఉన్నా, గోళ్లకి రంగో ముదురు గోరింటాకో ఉన్నా, అదే చేతికి బీపీ కఫ్ బిగుస్తున్నా తప్పు చూపిస్తుంది. చామనచాయ, నలుపు చర్మం మీద ఈ యంత్రం అసలు కన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చని ఇప్పుడు బాగా తెలిసిన విషయం. మన వార్డుల్లో ఎక్కువమంది ఆ రంగువాళ్లే. కాబట్టి 93 వచ్చి మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

నాడి, బీపీ, ఒంటి వేడి

నాడి యంత్రంతో చూసినా ఒకసారి చేత్తో పట్టుకోవాలి. క్రమం తప్పి కొట్టుకుంటోందా, దారంలా సన్నగా ఉందా, చర్మం చల్లగా చెమటగా ఉందా అన్నది యంత్రం చెప్పదు. నాడి క్రమం తప్పినవాళ్లకి డిజిటల్ బీపీ మెషీన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, వాళ్లకి స్టెతస్కోప్‌తోనే చూడాలి. కఫ్ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి మామూలు కఫ్ లాగి బిగించి "బీపీ ఎక్కువుంది" అని మందు పెంచిన సందర్భాలు తక్కువేం కాదు.

నాడి వేగం తగ్గించే అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకి రక్తం పోతున్నా నాడి పెద్దగా పెరగదు. ముసలివాళ్లకి ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడటమే లక్షణం కావచ్చు. నాడి 84, టెంపరేచర్ 97 అని చూసి స్థిమితపడే ముందు ఆ పేషెంటు వయసు, వాడే మందులు చూడండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు మన వార్డుల్లో ఎక్కువ, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉంటే ఆ చేతికి బీపీ కట్టకూడదు, కాన్యులా పెట్టకూడదు, రక్తం తీయకూడదు. ఆ చోట వేళ్లు ఆనిస్తే జివ్వుమని సన్నటి కంపనం తెలియాలి. ప్రతి షిఫ్టులో ఒకసారి ఆనించి చూడండి. ఆ కంపనం ఆగితే ఫిస్టులా మూసుకుపోయినట్టే, వెంటనే చెప్పాలి. ఆలస్యమైతే ఆ మనిషికి డయాలసిస్ దారే పోతుంది.

వానాకాలం డెంగీ వార్డులో చూడాల్సింది పైబీపీ ఒక్కటీ కాదు, పైకీ కిందకీ మధ్య తేడా. 100/80 అంటే తేడా 20. పై అంకె పడిపోకముందే కింది అంకె పెరిగి ఆ తేడా ఇరుకవుతుంది. తేడా 20కి వచ్చిందంటే ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతోంది, షాక్ మొదలైంది. అది కూడా మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే సమయంలో వస్తుంది. "జ్వరం తగ్గింది సిస్టర్, ఇంటికి తీసుకెళ్లిపోతాం" అని ఇంటివాళ్లు అడిగేది సరిగ్గా అప్పుడే. ఆ ఒకటి రెండు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, కాళ్లు చేతులు చల్లబడటం కోసం కనిపెట్టుకుని ఉండాలి. ప్లేట్‌లెట్ల అంకె మీదే అందరి కళ్లూ ఉంటాయి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరుగుతుండటం, బీపీ తేడా తగ్గుతుండటం అంతకన్నా ముందు ప్రమాదం చెబుతాయి.

మూత్రం

పెద్దవాళ్లకి గంటకి, కిలో బరువుకి అర మిల్లీలీటర్ మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి గంటకి 30, ఆరు గంటల షిఫ్టులో 180 మిల్లీలీటర్లు. అంతకన్నా తక్కువ వస్తే కిడ్నీలకి రక్తం సరిగా అందడం లేదని అర్థం, బీపీ ఇంకా బాగానే కనిపిస్తున్నా సరే. అయితే ముందు కేథెటర్ ట్యూబ్ మెలిక పడిందేమో, పేషెంటు తొడ కింద నలుగుతోందేమో, పొత్తికడుపు ఉబ్బి ఉందేమో చూడండి. కేథెటర్ లేనివాళ్లని "ఎన్నిసార్లు వెళ్ళారు" అని అడగడం సరిపోదు, కొలత గీతలున్న సీసా ఇచ్చి అందులో పోయమనాలి. ఇన్‌టేక్–అవుట్‌పుట్ చార్టులో "నార్మల్" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు.

మనిషి మాట, తీరు

"పేరేంటి?" అని అడిగితే సగం మత్తులో ఉన్నవాళ్లు కూడా చెప్పేస్తారు. "ఇవాళ మిమ్మల్ని చూడటానికి ఎవరొచ్చారు పెద్దయ్యా? పొద్దున ఏం తిన్నారు?" అని అడగండి. నిన్న సరిగ్గా చెప్పిన మనిషి ఇవాళ తడబడితే అది వయసు వల్ల కాదు. కొత్తగా వచ్చిన తికమకని సీరియస్ లక్షణంగానే తీసుకోవాలి. షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, ఆక్సిజన్ అందకపోవడం, మూత్రం బిగుసుకోవడం, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం), వీటిలో ఏదైనా కావచ్చు. వెంటనే వేలి నుంచి షుగర్ చూడండి, నిమిషంలో తేలే పని అది. కాన్యులా పీకేసుకుంటున్నాడని చేతులు కట్టేసి నిద్ర ఇంజెక్షన్ అడగడం ఆ తరవాతి మాట.

అటెండెంట్‌గా ఉన్న భార్యో కూతురో వచ్చి "సిస్టర్, మా ఆయన ఎందుకో తేడాగా ఉన్నాడు" అంటే ఆ మాటని ఒక వైటల్ సైన్ లాగే తీసుకోండి. వాళ్లకి అంకెలు తెలియకపోవచ్చు, కానీ ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

మన పల్లెల నుంచి వచ్చే రెండు కేసుల్లో మాత్రం ఇంకో పరీక్ష తప్పదు: పురుగుమందు తాగినవాళ్లు, పాము కరిచినవాళ్లు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినవాళ్లకి మొదటి రోజు అట్రోపిన్‌తో చెమటలు, నురగ, ఛాతీలో గరగర తగ్గి కోలుకున్నట్టే కనిపిస్తారు. ఆ తరవాత ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో కండరాలు బలహీనపడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. దీనికి మొదటి గుర్తు మెడ. పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి "తల దిండు మీద నుంచి పైకెత్తి పట్టుకోండి" అనండి. నిన్న ఎత్తిన మనిషి ఇవాళ ఎత్తలేకపోతే, కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నా, సాచురేషన్ 98 ఉన్నా, డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే. ఇంకోటి, ఒక్క ఊపిరిలో పైకి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనండి. నిన్న 30 దాకా వెళ్ళిన మనిషి 15 దగ్గరే ఆగిపోయాడంటే ఊపిరి కండరాలు సన్నగిల్లుతున్నాయి. ఇలాంటి బలహీనతలో సాచురేషన్ చిట్టచివర పడుతుంది, దాని కోసం ఎదురుచూస్తే ట్యూబ్ వేసే వ్యవధి ఉండదు. కట్లపాము, నాగుపాము కాటుకి కూడా ఇదే పరీక్ష, దాంతోపాటు కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముక్కుతో వస్తోందా, ఉమ్ము మింగలేక నోట్లో నిలుస్తోందా చూడాలి. రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టే పరీక్ష: కొత్త, పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డ కట్టకుండా జారితే విషం రక్తంలో పనిచేస్తోంది. ప్లాస్టిక్ ట్యూబ్ వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబ్ వాడినా ఫలితం తప్పుతుంది.

మార్పు కనిపించగానే, మన చేతి మీదుగా వెళ్ళినవి చూడాలి

పేషెంటు ఉన్నట్టుండి మారితే గత గంటలో ఏం ఎక్కింది, ఏం తిన్నాడు, ఏ ఇంజెక్షన్ పడింది అన్నది ముందు చూసుకోండి. కొత్త యాంటీబయాటిక్ మొదటి డోసో, రక్తమో ఎక్కుతూ ఉండగా దద్దుర్లు, చలి, ఆయాసం, నడుంనొప్పి వస్తే ముందు దాన్ని ఆపేయాలి, తరవాతే ఫోన్. రక్తం మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కించి పక్కనే ఉండమనేది ఇందుకే. ఆపాక కాన్యులా పీకేయకండి, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి దారి నిలిపి ఉంచండి.

ఇన్సులిన్ విషయంలో జరిగే తప్పు ఒకటి దగ్గరగా చూడాలి. మన దగ్గర దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటర్‌కి 40 యూనిట్లవి. పెన్ కార్ట్రిడ్జ్‌లు, కొన్ని సీసాలు మిల్లీలీటర్‌కి 100 యూనిట్లవి. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ మూత సిరంజి. వార్డులో పెన్ సూది అయిపోయిందని కార్ట్రిడ్జ్‌లోకి ఎర్రమూత సిరంజి గుచ్చి 20 గీత దాకా తీశారనుకోండి. ఎర్రమూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటర్. ఆ అర మిల్లీలీటర్‌లో 100 బలం ఇన్సులిన్ 50 యూనిట్లు ఉంటుంది. 20 ఇవ్వమంటే 50 పడింది. తిరగబడితే, అంటే 40 సీసాకి నారింజ మూత సిరంజి వాడితే, 20కి బదులు 8 యూనిట్లే పడి షుగర్ ఎందుకు దిగడం లేదో అర్థంకాక డోసు పెంచుతూ పోతారు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి మూడు సెకన్లు పడుతుంది. పెన్ కార్ట్రిడ్జ్‌లోకి సిరంజి అసలు గుచ్చకూడదు. ఇంకో మాట: భోజనం ట్రే వచ్చిందో లేదో చూశాకే భోజనం ముందు ఇన్సులిన్. స్కానింగ్‌కి పంపాలని అన్నం ఆపిన పేషెంటుకి పొద్దుటి డోసు వేసేయడం షుగర్ పడిపోవడానికి పెద్ద కారణం.

షుగర్ 70 కన్నా తగ్గి, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. వాళ్లకి ఆర్డర్ ప్రకారం నరం ద్వారా డెక్స్‌ట్రోజ్. లేచాక వదిలేయకండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ వాడినవాళ్లకి షుగర్ మళ్ళీ పడుతుంది.

పొటాషియం క్లోరైడ్ యాంపుల్ సాధారణంగా 10 మిల్లీలీటర్లది, అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియం కొలిచే యూనిట్) పొటాషియం. సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది, ఇందులో మినహాయింపు లేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియకుండా జరిగేది మరొకటి. స్టాండుకి వేలాడుతున్న సీసాలోకి యాంపుల్ కలిపి కదపకుండా వదిలేస్తే, పొటాషియం బరువుగా ఉండి అడుగున, అంటే డ్రిప్ సెట్ మూతి దగ్గరే, చేరుతుంది. మొదటి కొద్ది నిమిషాల్లో గాఢంగా అదే ఎక్కుతుంది. అందుకే సీసాని కిందికి దించి, క్లాంప్ మూసి, మందు కలిపి, నాలుగైదుసార్లు తలకిందులుగా తిప్పి, లేబుల్ అంటించాకే తగిలించాలి. చేతి నరం ద్వారా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు. మూత్రం రానివాళ్లకి మొదలుపెట్టే ముందు డాక్టరుని మళ్ళీ అడగాలి.

డ్రిప్ చుక్కలు కంటి అంచనాతో పెట్టడం ఇంకో అలవాటు. మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటర్, కొన్నిటికి 15, కవర్ మీద ఉంటుంది. ఎక్కాల్సిన మిల్లీలీటర్లని చుక్కల సంఖ్యతో గుణించి నిమిషాలతో భాగించాలి. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో అంటే 500 ఇంటు 20, బై 240, సుమారు 42 చుక్కలు. మైక్రో సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటర్ కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. పేషెంటు చెయ్యి మడిస్తే చుక్కలు తగ్గుతాయి, చాపితే పరిగెడతాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి రాత్రి సీసా గంటలో ఖాళీ అయిందంటే తెల్లారేసరికి ఆయాసం తప్పదు.

పక్షవాతం పేషెంటుకి ఆయాసం వస్తే రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం) ఫీడింగ్‌ని అనుమానించాలి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద వేసిన గుర్తు జరిగిందా, నోరు తెరిస్తే గొంతులో ట్యూబ్ చుట్ట చుట్టుకుందా చూడండి. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద స్టెత్ పెట్టి శబ్దం వినే పద్ధతి నమ్మదగింది కాదు, ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి శబ్దమే వినిపిస్తుంది. లోపలి ద్రవం లాగి పీహెచ్ కాగితంతో చూస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, సందేహముంటే ఎక్స్‌రే. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, సిరంజిని తోయకుండా దానంతటదే దిగేలా పట్టుకుని, ఒకసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు పోయాలి. తరవాత కనీసం అరగంట, వీలైతే గంట అలాగే కూర్చోబెట్టాలి. ఫీడ్ పోసిన వెంటనే పక్క మార్చడానికి మంచం చదును చేయడం వల్లే చాలామందికి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎప్పుడు పిలవాలి, ఎలా చెప్పాలి

ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో సవరించి ఇచ్చిన న్యూస్–2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) స్కోరు ఇక్కడ బాగా పనికొస్తుంది. శ్వాస, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా. మొత్తం 5 వస్తే డాక్టరు త్వరగా చూడాలి, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే ఎమర్జెన్సీ, ఏ ఒక్కదానికి 3 వచ్చినా ఊరుకోకూడదు. మీ వార్డులో ఆ చార్టు లేకపోయినా ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి స్టేషన్‌లో అంటించుకోండి. స్కోరు తక్కువే వచ్చినా మీ మనసుకి తేడాగా అనిపిస్తే పిలవడానికి అదే కారణం చాలు.

ఫోన్లో "సార్, పేషెంట్ బాలేదు" అంటే అవతల నిద్రలో ఉన్న డాక్టరుకి ఏమీ అర్థం కాదు. ఫోన్ ఎత్తే ముందు కేస్ షీట్, మందుల చార్టు, తాజా అంకెలు చేతిలో ఉండాలి. ఇలా చెప్పాలి:

"సార్, మేల్ మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. పన్నెండో బెడ్ పేషెంటుకి ఆయాసం పెరుగుతోంది. అరవై ఏళ్ళాయన, నిన్న న్యుమోనియాతో అడ్మిట్ అయ్యారు, షుగర్ ఉంది. సాయంత్రం ఆరింటికి శ్వాస 20, సాచురేషన్ 96. ఇప్పుడు రాత్రి రెండింటికి శ్వాస 28, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 91, పల్స్ 118, బీపీ 100/60, టెంపరేచర్ 102. ఎనిమిది గంటల్లో మూత్రం 110 మిల్లీలీటర్లే. కొత్తగా పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. న్యూస్ స్కోరు 14. సెప్సిస్ అనిపిస్తోంది సార్. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఆక్సిజన్ పెట్టాను, షుగర్ 212. బ్లడ్ కల్చర్ తీయమంటారా?"

ఇందులో ముప్పావు నిమిషంలో ఎవరు, ఏమైంది, ముందు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలి అన్నీ ఉన్నాయి. చివరి రెండూ చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. పడకండి. డాక్టరు చెప్పిన ఆర్డర్లు రాసుకుని, మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించండి. పదిహేను నిమిషాల్లో రాకపోతే మళ్ళీ ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే పై డాక్టరుకి, హెడ్ నర్సుకి చెప్పండి. అది ఎవరిమీదో ఫిర్యాదు చేయడం కాదు, పేషెంటు కోసం చేయాల్సిన పని.

డాక్టరు వచ్చేలోగా ఆయాసం ఉన్నవాళ్లని కూర్చోబెట్టాలి, బీపీ పడిపోయినవాళ్లని చదునుగా పడుకోబెట్టాలి, స్పృహ లేనివాళ్లని పక్కకి తిప్పాలి. ముక్కు ప్రాంగ్స్ అయితే నిమిషానికి 2 నుంచి 4 లీటర్లు. ఫేస్ మాస్క్ పెడితే 5 లీటర్లకి తగ్గకూడదు, 2 లీటర్ల మీద మాస్క్ పెడితే వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటారు. రిజర్వాయర్ సంచి ఉన్న మాస్క్‌కి 10 నుంచి 15 లీటర్లు, ముఖానికి పెట్టేముందే వేలితో వాల్వ్ నొక్కి సంచి నిండనివ్వాలి. పాత సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) పేషెంటుకైతే 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు, 99కి తీసుకెళ్తే మగతలోకి జారిపోతారు. ఇంకో చేతికి కాన్యులా పెట్టండి, గులాబీ రంగు 20 సైజు, రక్తం ఎక్కించాల్సి వస్తుందనుకుంటే ఆకుపచ్చ రంగు 18. సక్షన్ ఆన్ చేసి పనిచేస్తోందో చూడండి. క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందులు, పరికరాల బండి) మంచం దగ్గరికి తెప్పించండి.

నోట్స్‌లో ప్రతి పనికీ గడియారం టైము వేయండి: ఎప్పుడు చూశారు, ఎన్నింటికి ఫోన్ చేశారు, ఏం చెప్పారు, డాక్టరు ఎప్పుడొచ్చారు, మందు ఎప్పుడు పడింది, పడ్డ పావుగంటకి శ్వాస ఎంత ఉంది. ఆ చివరి అంకె రాసేదాకా ఆ మంచం దగ్గర పని అయిపోలేదు.